తీసినదాన్ని తిరిగి వేయకపోతే సంభావ్యత ఎలా లెక్కించాలి?

సంచిలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు ఉన్నాయి. చూడకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవే అయ్యే సంభావ్యత ఎంత?

ఈ లెక్కకు 25/64 అని రాసి, "గుణకారం సరిగ్గానే చేశాను కదా, జవాబు ఎందుకు తప్పింది?" అని అడిగేవాళ్లు నాకు ఎప్పుడూ ఎదురవుతుంటారు. గుణకారంలో తప్పేమీ లేదు. మొదటి బంతి ఇంకా చేతిలోనే ఉంది. అయినా రెండో బంతిని మళ్లీ 8 బంతులున్న సంచిలోంచి తీసినట్టు రాశారు. ఆ బంతి సంచిలో లేదన్న సంగతి లెక్కకు తెలియాలి. ఈ రకం లెక్కల్లో నేను చూసిన తప్పుల్లో చాలావరకు ఇక్కడి నుంచి పుట్టినవే. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఒకేచోట రాస్తున్నాను.

కావలసినవి

కాగితం, పెన్సిల్ ఉంటే చాలు. సంఖ్యలు పెద్దవైతే కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. భిన్నాలను గుణించడం, పైనా కిందా కొట్టివేయడం వచ్చి ఉండాలి. ఇవి కాక ప్రశ్నలోంచి నాలుగు సంఖ్యలు బయటికి తీయాలి:

- మొత్తం వస్తువులు ఎన్ని
- వాటిలో మీకు కావలసిన రకం ఎన్ని
- ఎన్ని తీస్తున్నారు
- తీసినవాటిలో మీకు కావలసిన రకం ఎన్ని ఉండాలి

1. ముందు ప్రశ్న చదవండి: తిరిగి వేస్తున్నారా, లేదా?

"పునఃస్థాపన లేకుండా", "ఒకేసారి మూడు తీస్తే", "పేక ముక్కలు పంచితే", "ఐదుగురితో కమిటీ వేస్తే" అని ఉంటే తీసినది తిరిగి రాదు. నాణెం ఎగరేయడం, పాచిక వేయడం ఈ కోవలోకి రావు. పాచికలో 6 పడినంత మాత్రాన ఆ ముఖం మాయమైపోదు కదా.

"ఒకేసారి రెండు" అన్నా, "ఒకటి తీసి పక్కన పెట్టి ఇంకొకటి" అన్నా జవాబు ఒకటే. చేతిలోకి రెండూ కలిసి వచ్చినా, వాటిలో ఒకదాన్ని మొదటిది, ఇంకోదాన్ని రెండోది అనుకోవచ్చు. దీని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

ఈ మొదటి అడుగు దాటేసి నేరుగా లెక్కలోకి దూకవద్దు. 1657లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఒక లెక్క ఇచ్చారు. 12 బిళ్లలున్నాయి, 4 తెల్లవి, 8 నల్లవి. ముగ్గురు ఆటగాళ్లు కళ్లు మూసుకుని వంతులవారీగా ఒక్కోటి తీస్తారు. ముందుగా తెల్లది తీసినవాళ్లు గెలిచినట్టు. నల్లది వస్తే తిరిగి వేయాలా వద్దా అన్నది అందులో తేటగా లేదు. తిరిగి వేస్తే ముగ్గురి గెలుపు అవకాశాలు 9 : 6 : 4 నిష్పత్తిలో వస్తాయి. వేయకపోతే 77 : 53 : 35. తర్వాత స్విస్ గణితవేత్త యాకోబ్ బెర్నూలీ ఈ లెక్కకు ఎన్ని అర్థాలు తీయవచ్చో చూపించి, ఒక్కోదాన్నీ విడిగా సాధించారు. అంతటివాళ్లకే ఆగి చూసుకోవలసి వచ్చింది, మనమూ ఆగుదాం.

2. ఒక్కో బంతికి ఒక్కో భిన్నం రాయండి

ప్రతిసారీ చెయ్యి సంచిలో పెట్టే ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు సంచిలో ఏమేం మిగిలాయి?

మొదటిసారి: 5 ఎర్రవి, 3 నీలం, మొత్తం 8. ఎర్రది రావడానికి 5/8.
ఎర్రది వచ్చింది. ఇప్పుడు సంచిలో 4 ఎర్రవి, 3 నీలం, మొత్తం 7. మళ్లీ ఎర్రది రావడానికి 4/7.

రెండూ గుణిస్తే 5/8 × 4/7 = 20/56 = 5/14. అంటే సుమారు 0.357. పైన చెప్పిన 25/64 అయితే 0.391 అయ్యేది.

హారం ప్రతిసారీ తప్పకుండా 1 తగ్గుతుంది, ఏ రంగు వచ్చినా సరే. లవం మాత్రం అదే రంగు ముందు బయటికి వచ్చి ఉంటేనే తగ్గుతుంది. ఇక్కడే చెయ్యి తడబడుతుంది. ఎర్ర, నీలం, ఎర్ర అనే వరస తీసుకోండి. భిన్నాలు 5/8, 3/7, 4/6. మూడో భిన్నంలో లవం 4 ఎందుకంటే, అప్పటికి బయటికి వచ్చిన ఎర్రది ఒక్కటే. "రెండు తీశాం కాబట్టి 5 లోంచి 2 పోయాయి" అనుకుని 3/6 రాసేవాళ్లు ఎందరో ఉన్నారు. అలవాటయ్యేదాకా ప్రతి భిన్నం పక్కనా మిగిలిన సంచిని చిన్నగా రాసుకోండి: (5ఎ, 3నీ), (4ఎ, 3నీ), (4ఎ, 2నీ). నేను ఇప్పటికీ పెద్ద లెక్కలకు ఇలాగే రాసుకుంటాను.

3. ఆ ఫలితం ఎన్ని వరసల్లో రావచ్చో చూడండి

"ఒకటి ఎర్ర, ఒకటి నీలం" అని అడిగితే రెండు దారులున్నాయి. ముందు ఎర్ర, తర్వాత నీలం: 5/8 × 3/7 = 15/56. ముందు నీలం, తర్వాత ఎర్ర: 3/8 × 5/7 = 15/56. రెండూ కూడితే 30/56 = 15/28.

ఒక్క దారే రాసి 15/56 దగ్గర ఆగిపోతే జవాబు సరిగ్గా సగం వస్తుంది. మీ జవాబు, సరైన జవాబులో సగమో, మూడో వంతో అయిందంటే, ఏదో వరస వదిలేశారేమో అని మొదట అనుమానించండి.

వరసలు వేరైనా గుణకారం ఫలితం ఒకటే వచ్చిందని గమనించారా? అది ఎప్పుడూ అంతే. పైన అవే సంఖ్యలు, కింద అవే సంఖ్యలు, చోట్లు మాత్రమే మారతాయి. కాబట్టి ఒక్క వరసకు లెక్కకట్టి, వరసల సంఖ్యతో గుణిస్తే సరిపోతుంది. మూడు తీస్తే రెండు ఎర్ర, ఒక నీలం కావాలనుకోండి. నీలం బంతి మొదటా, మధ్యలో, చివరా రావచ్చు, మొత్తం 3 వరసలు. ఒక్కోదానికి (5 × 4 × 3)/(8 × 7 × 6) = 60/336 = 5/28. మూడింటికీ కలిపి 15/28.

జాగ్రత్త: ప్రశ్నలోనే "మొదటిది ఎర్ర, రెండోది నీలం" అని వరస చెప్పేస్తే ఒక్క దారే తీసుకోవాలి. అప్పుడు 15/56 సరైనదే.

4. వరసలతో చిక్కు వస్తే గుంపులుగా లెక్కపెట్టండి

ఇది రెండో పద్ధతి. 8 వస్తువుల్లోంచి 2 ఎంచుకునే విధానాలను సి(8, 2) అని రాద్దాం. పుస్తకాల్లో వీటినే సంయోగాలు అంటారు. పైన 8 నుంచి దిగుతూ రెండు సంఖ్యలు, కింద 2 నుంచి దిగుతూ రెండు సంఖ్యలు: (8 × 7)/(2 × 1) = 28. అలాగే సి(8, 3) = (8 × 7 × 6)/(3 × 2 × 1) = 56.

సంభావ్యత ఇలా వస్తుంది: కావలసిన రకంలోంచి ఎంచుకునే విధానాలు × మిగతా రకంలోంచి ఎంచుకునే విధానాలు ÷ మొత్తంలోంచి ఎంచుకునే విధానాలు.

పైన చేసిన లెక్కే మళ్లీ: రెండు ఎర్ర, ఒక నీలం. సి(5, 2) × సి(3, 1) ÷ సి(8, 3) = 10 × 3 ÷ 56 = 30/56 = 15/28. అదే జవాబు వచ్చింది. ఈ సూత్రానికి హైపర్‌జామెట్రిక్ అనే పెద్ద పేరుంది. పేరు చూసి వెనక్కి తగ్గకండి, లోపల ఉన్నది ఇదే లెక్క.

తీసేవి రెండు మూడైతే భిన్నాల పద్ధతి హాయిగా ఉంటుంది. నాలుగు దాటినా, రకాలు మూడుకు మించినా గుంపుల పద్ధతే నయం.

జాగ్రత్త: రెండు పద్ధతులనూ కలపవద్దు. పైన 5 × 3 అని గుంపు లెక్క రాసి, కింద 8 × 7 అని వరస లెక్క రాస్తే మళ్లీ 15/56 అనే సగం జవాబే వస్తుంది. కింద 8 × 7 ఉంటే పైన రెండు వరసలూ ఉండాలి. కింద 28 ఉంటే పైన వరస మాటే రాకూడదు.

ఇంకో జాగ్రత్త, కాలిక్యులేటర్ వాడేవాళ్లకు. క్రమగుణితాలను (ఒక సంఖ్య నుంచి 1 దాకా దిగుతూ అన్నిటినీ గుణిస్తే వచ్చేవి, ఫాక్టోరియల్స్) విడివిడిగా కట్టి భాగించవద్దు. చాలా సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో 69 క్రమగుణితం దాటితే ఎర్రర్ వస్తుంది. 100 వస్తువుల్లోంచి 5 తీసే లెక్కకు 100 క్రమగుణితంతో పనే లేదు. పైన 100 × 99 × 98 × 97 × 96, కింద 120, అంతే.

5. "కనీసం ఒకటి" అంటే తిప్పి లెక్కించండి

20 బల్బులున్నాయి, వాటిలో 4 పాడైనవి. 3 తీస్తే కనీసం ఒకటి పాడైనది అయ్యే సంభావ్యత ఎంత?

నేరుగా చేస్తే ఒకటి, రెండు, మూడు పాడైనవి వచ్చే మూడు లెక్కలు కట్టి కూడాలి. తిప్పి చేస్తే ఒక్కటే లెక్క. ఒక్కటి కూడా పాడైనది రాకపోవడం: 16/20 × 15/19 × 14/18 = 3360/6840 = 28/57. దీన్ని 1 లోంచి తీసేస్తే 29/57, అంటే సుమారు 0.509.

ఈ లెక్కలో తరచూ కనిపించే ఒక తప్పు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అది చూడ్డానికి పూర్తిగా సరైనదిలా ఉంటుంది. "ముందు 4 పాడైన బల్బుల్లోంచి ఒకటి తీసి పక్కన పెడతాను, కనీసం ఒకటి అన్న షరతు తీరిపోయింది. మిగతా 19 లోంచి ఏవైనా రెండు తీసుకుంటాను." అంటే 4 × సి(19, 2) = 4 × 171 = 684. మొత్తం విధానాలు సి(20, 3) = 1140. కాబట్టి 684/1140 = 0.6.

ఎక్కడ తప్పింది? పాడైన బల్బులకు క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టండి. మంచి బల్బు ఒకదాన్ని మ అనుకోండి. "ముందు క, తర్వాత ఖ, మ" అన్నా, "ముందు ఖ, తర్వాత క, మ" అన్నా చేతిలోకి వచ్చినవి అవే మూడు బల్బులు. కానీ 684 లో ఈ గుంపు రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. మూడూ పాడైనవైన గుంపు మూడుసార్లు వచ్చింది.

నిజంగా లెక్కపెడితే ఒక్కటే పాడైనది ఉన్న గుంపులు 4 × 120 = 480. రెండు ఉన్నవి 6 × 16 = 96. మూడూ పాడైనవి 4. కలిపితే 580, మరి 580/1140 = 29/57. తప్పు లెక్కలో ఇవే గుంపులు 480 + 2 × 96 + 3 × 4 = 684 అయ్యాయి. ఎక్కువైన 104 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు కళ్లకు కనిపిస్తోంది. "ముందు ఒకటి ఖాయం చేసుకుని తర్వాత ఏవైనా" అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, ఒకే గుంపు రెండు దారుల్లో వస్తోందా అని చూసుకోండి.

మరి 0.6 అనే సంఖ్యకు అర్థమే లేదా? ఉంది. 3 × 4/20 = 0.6 అన్నది తీసిన మూడింటిలో సగటున ఎన్ని పాడైనవి ఉంటాయో చెబుతుంది. సగటు వేరు, సంభావ్యత వేరు.

6. చూడకుండా పక్కన పెట్టిన బంతి

ఇది నన్ను పదేపదే అడిగే ప్రశ్న. మొదటి బంతి తీశారు, రంగు చూడలేదు. రెండో బంతి ఎర్రది అయ్యే సంభావ్యత ఎంత? సంచిలో 7 బంతులే ఉన్నాయి కాబట్టి ఏదో మారి ఉంటుందని అనిపిస్తుంది. లెక్క చూడండి. మొదటిది ఎర్ర, రెండోది ఎర్ర: 20/56. మొదటిది నీలం, రెండోది ఎర్ర: 15/56. మొత్తం 35/56 = 5/8. మొదటి బంతికి ఉన్నంతే.

బంతి బయటికి వచ్చినందువల్ల సంభావ్యత మారలేదు, దాని రంగు మనకు తెలిస్తేనే మారుతుంది. పది చీటీల్లో ఒక్కదానికే బహుమతి ఉంటే, ముందు తీసినా చివర తీసినా అవకాశం పదో వంతే. రెండో మనిషికి లెక్క కట్టి చూడండి: 9/10 × 1/9 = 1/10. కాబట్టి "మూడో బంతి ఎర్రది అయ్యే సంభావ్యత" అని మాత్రమే అడిగి, మొదటి రెండింటి గురించి ఏమీ చెప్పకపోతే, దారులన్నీ గీయకుండా 5/8 అని రాసేయండి.

జవాబు సరిచూసుకోవడం

మొదటి పరీక్ష, అన్నిటికంటే నమ్మకమైనది: సాధ్యమయ్యే ఫలితాలన్నిటి సంభావ్యతలూ కూడితే 1 రావాలి. రెండు బంతుల లెక్కలో రెండూ ఎర్ర 10/28, చెరొకటి 15/28, రెండూ నీలం 3/28. మొత్తం 28/28. వరస వదిలేసి ఉంటే ఇక్కడ దొరికిపోతారు.

రెండో పరీక్ష: అదే లెక్కను రెండో పద్ధతిలో చేయండి. పేక ముక్కల్లో ఐదు తీస్తే ఐదూ ఒకే రంగు, అంటే అన్నీ ఇస్పేట్లో, అన్నీ కళావర్లో, అలా అయ్యే సంభావ్యత చూద్దాం. భిన్నాలతో: మొదటి ముక్క ఏదైనా సరే, మిగతా నాలుగూ దాని రంగే కావాలి. 12/51 × 11/50 × 10/49 × 9/48, సుమారు 0.00198. గుంపులతో: 4 × సి(13, 5) ÷ సి(52, 5) = 5148 ÷ 25,98,960, ఇదీ సుమారు 0.00198. రెండు దారులూ ఒకేచోట కలిశాయంటే ధైర్యంగా ఉండొచ్చు.

మూడో పరీక్ష: తిరిగి వేసినట్టు లెక్కకట్టి పోల్చండి. ఒకే రకం వరసగా రావడానికి, తిరిగి వేయనప్పుడు అవకాశం ఎప్పుడూ తక్కువే. రెండు ఆసులు రావడానికి తిరిగి వేస్తే 1/169, వేయకపోతే 1/221. మీ లెక్కలో ఇది తలకిందులైతే ఎక్కడో లవం తగ్గించడం మర్చిపోయారు.

చేత్తో చేసి చూడాలనుకుంటే ఒకేలాంటి 8 చీటీలు తీసుకుని, ఐదింటి మీద గుర్తు పెట్టి, మడిచి, రెండేసి చొప్పున 100 సార్లు తీయండి. ప్రతిసారీ రెండూ తిరిగి వేసి బాగా కలపాలి. రెండూ గుర్తున్నవి సుమారు 36 సార్లు రావాలి. 26 నుంచి 45 మధ్య ఎంత వచ్చినా కంగారు పడకండి. అయితే ఈ పరీక్ష పెద్ద తప్పులనే పట్టిస్తుంది. చెరొకటి రావడానికి 15/28 బదులు 15/56 రాసి ఉంటే 54 సార్లు రావలసింది 27 అనుకున్నట్టు, అది వెంటనే తేలిపోతుంది. 5/14 కీ 25/64 కీ మధ్య తేడా 100 సార్లలో 36, 39 అంతే. దాన్ని చీటీలతో తేల్చలేరు, కాగితం మీదే తేల్చుకోవాలి.

తేడాను పట్టించుకోనక్కర్లేని సందర్భం

మొత్తం చాలా పెద్దదై, తీసేవి కొద్దివే అయితే తిరిగి వేసినా వేయకపోయినా జవాబు దాదాపు ఒకటే. 1000 బంతుల్లో 200 ఎర్రవి ఉంటే, రెండూ ఎర్రవి రావడానికి 200/1000 × 199/999, సుమారు 0.0398. తిరిగి వేస్తే 0.04. తీసేవి మొత్తంలో 5 శాతం లోపు ఉంటే సుమారు లెక్కకు ఇలా సులువు చేసుకోవడం వాడుకలో ఉంది. పరీక్షలో మాత్రం వద్దు, అక్కడ ఖచ్చితమైన భిన్నమే రాయండి.

మీరు చేయడానికి ఒకటి

పైన చెప్పిన హైగెన్స్ లెక్కను, తిరిగి వేయకుండా, ఇప్పుడు మీరే చేయండి. 12 బిళ్లలనూ వరసగా పేర్చినట్టు ఊహించుకోండి. 4 తెల్లవాటికి చోట్లు ఎంచుకునే విధానాలు సి(12, 4) = 495. మొదటి తెల్లది 1వ చోట ఉంటే మిగతా మూడింటికి 11 చోట్లున్నాయి, సి(11, 3) = 165. అది 2వ చోట ఉంటే సి(10, 3) = 120. ఇలా 9వ చోటు దాకా దిగండి, అంతకు మించి వెళ్లలేరు. 1, 4, 7 చోట్లు మొదటి ఆటగాడివి, 2, 5, 8 రెండోవాడివి, 3, 6, 9 మూడోవాడివి. మీ మొత్తాలు 231, 159, 105 వచ్చి, మూడూ కలిపితే 495 అయితే లెక్క కుదిరినట్టే. ఒక్కోదాన్నీ 3తో భాగిస్తే 77, 53, 35.